చార్‌కోల్ క్యానిస్టర్ పోయిందంటున్నారు, బయటి పార్ట్ వేయించొచ్చా?

హంద్రీ_ఒడ్డు
కర్నూలు నుంచి రాస్తున్నాను. 2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్-4 (అప్పటి పొగ నిబంధనల ప్రకారం చేసింది), 71 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా ఒకటే బాధ. పెట్రోల్ కొట్టించిన వెంటనే బండి స్టార్ట్ కాదు. నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టాలి, యాక్సిలరేటర్ తొక్కిపట్టాలి, అప్పుడు దడదడా వణుకుతూ అందుకుంటుంది. ఒక కిలోమీటరు పోయాక మామూలుగానే ఉంటుంది. పొద్దున్నే తీస్తే మాత్రం ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. ఇంకొకటి, మధ్యాహ్నం ఎండలో పెట్టి వచ్చి చూస్తే వెనక వైపు పెట్రోల్ వాసన. ఇంట్లో వరండా పక్కనే బండి పెడతాం. ఆ వాసనకు మా అమ్మకు తలనొప్పి వస్తోంది. నాకు అదే ఎక్కువ టెన్షన్.

షోరూంలో చూపిస్తే క్యానిస్టర్, అంటే ట్యాంకు నుంచి వచ్చే పెట్రోల్ ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బా, మార్చాలన్నారు. పార్ట్ 7,400, లేబర్ వేరే, ఆర్డర్ పెడితే పది రోజులు. స్కానర్ పెట్టి చూశారా అని అడిగితే "లక్షణాలు అవే కదా సార్" అన్నారు. బయట స్పేర్స్ షాపులో అలాంటి డబ్బానే 1,650కి ఇస్తామంటున్నారు. ఎవరైనా బయటి క్యానిస్టర్ వేయించారా? ఎన్నాళ్లు వచ్చింది?

గుత్తికోట
నేను వేయించాను. మూడేళ్లయింది, ఏ ఇబ్బందీ లేదు. షోరూం ధరకు సగం కూడా పడలేదు. ధైర్యంగా వేయించు అన్నా. లోపల ఉండేది బొగ్గే కదా, బంగారం కాదు.

కడప_ఏడురోడ్లు
అసలు ఆ డబ్బా ఎందుకు? మా మెకానిక్ ఒక బండికి తీసేసి రెండు పైపులకూ బోల్టులు బిగించాడు. ఖర్చు సున్నా. 90ల్లో బండ్లకు ఇవన్నీ ఉన్నాయా?

సీమ_స్పానర్
అనంతపురంలో 19 ఏళ్లుగా పెట్రోల్ బండ్ల పని చేస్తున్నాను. హంద్రీ గారూ, ఆగండి. డబ్బులు పెట్టకముందు ఒక పావుగంట నా మాట వినండి.

పెట్రోల్ కొట్టించాకే స్టార్టింగ్ ట్రబుల్, పొద్దున ఏమీ లేదు అంటున్నారు చూడండి, ఆ ఒక్క మాటతో నా అనుమానం క్యానిస్టర్ మీద కంటే పర్జ్ వాల్వ్ (క్యానిస్టర్ నుంచి ఇంజిన్‌కు ఆవిరిని వదిలే వాల్వ్) మీదికి పోతుంది. ఎందుకో చెబుతాను. ట్యాంకులో పెట్రోల్ ఎండకు ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి పైపు గుండా క్యానిస్టర్‌లోకి వెళ్లి బొగ్గును పట్టుకుని ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పర్జ్ వాల్వ్‌ను కొంచెం కొంచెంగా తెరుస్తుంది. ఇంజిన్ పీల్పుకు బయటి గాలి బొగ్గు లోంచి వచ్చి, పట్టుకుని ఉన్న ఆవిరిని లాక్కుపోతుంది, అదంతా ఇంజిన్‌లో కాలిపోతుంది. ఇంజిన్ ఆపితే వాల్వ్ గట్టిగా మూసుకోవాలి.

అది మూసుకోలేదు అనుకోండి. బంకులో పెట్రోల్ పడుతున్న కొద్దీ ట్యాంకులో ఉన్న ఆవిరిని అది ముందుకు తోస్తుంది. ఆ ఆవిరి తెరిచి ఉన్న వాల్వ్ దాటి నేరుగా ఇంజిన్ మానిఫోల్డ్‌లో, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల్లో, నిండుతుంది. మీరు సెల్ఫ్ కొట్టినప్పుడు లోపల పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. అందుకే అందుకోదు. యాక్సిలరేటర్ తొక్కితే గాలి ఎక్కువ వస్తుంది కాబట్టి అప్పుడు అందుకుంటుంది. మీరు రాసింది అచ్చం ఇదే.

వాల్వ్ విప్పండి, కరెంటు సాకెట్ పీకి ఉండాలి. ఒక వైపు నోరు పెట్టి ఊదండి. గాలి అవతలికి పోకూడదు. ఊదాలే గాని పీల్చొద్దు, లోపల పెట్రోల్ ఆవిరి ఉంటుంది. తర్వాత బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఇస్తే టక్కుమని తెరుచుకోవాలి. ఊదినప్పుడు గాలి పోతోందంటే వాల్వ్ పోయినట్టే. వాల్వ్ ధర క్యానిస్టర్‌లో మూడో వంతు కూడా ఉండదు.

హంద్రీ_ఒడ్డు
అన్నా, ఇంత వివరంగా నాకు ఎవరూ చెప్పలేదు. మరి వాసన సంగతి? అది కూడా వాల్వ్ వల్లేనా?

సీమ_స్పానర్
వాసన వేరే కారణం వల్ల కావచ్చు. పెట్రోల్ ట్యాంకు మూత రబ్బరు ఎండిపోయి ఉండొచ్చు, పైపు పగిలి ఉండొచ్చు, బొగ్గు నిండిపోయి ఉండొచ్చు. ముందు వాల్వ్ చూడండి. వాల్వ్ విప్పినప్పుడు క్యానిస్టర్ వైపు పైపును తెల్ల కాగితం మీద దులపండి. నల్లటి గింజలు గాని పొడి గాని పడితే ఇక్కడ రాయండి, అప్పుడు కథ మారుతుంది.

బెంగళూరు_టు_హిందూపురం
బండి కంప్యూటర్ నుంచి లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది కదా. నేను వీడియోల్లో చూశాను, పీ 0455 వస్తే పెద్ద లీకు, పీ 0442 వస్తే చిన్న లీకు, మూత వదులైనా వస్తుంది. చెక్ లైట్ వెలగలేదంటే క్యానిస్టర్ బాగున్నట్టే.

సీమ_స్పానర్
@బెంగళూరు_టు_హిందూపురం ఆ వీడియోలు అమెరికా బండ్లవి. అక్కడి చట్టం ప్రకారం బండి తనంతట తానే ట్యాంకు లీకు ఉందో లేదో చూసుకోవాలి, దానికి ప్రెషర్ సెన్సర్, బయటి గాలి దారిని మూసే వెంట్ వాల్వ్ అన్నీ ఉంటాయి. మన దగ్గర ఈ తరం బండ్లు యూరప్ పద్ధతిలో తయారైనవి. వాటిలో చాలావాటికి లీకు పట్టుకునే ఏర్పాటు లేదు, వాల్వ్ కరెంటు కనెక్షన్ వరకే చూస్తుంది. వస్తే పీ 0443, 0444, 0445 లాంటివి వస్తాయి. వాల్వ్ లోపల ఇరుక్కుని తెరిచే ఉన్నా కరెంటు సరిగ్గా ఉంటే లైట్ వెలగదు. లైట్ లేదని నమ్మి కూర్చుంటే మోసపోతాం.

టవర్‌క్లాక్_టెక్
సీమన్న చెప్పినదానికి ఇంకో మాట. కోడ్ రాకపోయినా స్కానర్ పనికొస్తుంది. ఫోన్‌కు కలిసే ఈఎల్ఎం 327 అనే మామూలు స్కానర్ చాలు. ఫ్యూయల్ ట్రిమ్ అనే రీడింగ్ చూడాలి, ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో అది చెబుతుంది. ఇంజిన్ వేడెక్కి, వాల్వ్ తెరుచుకున్నప్పుడు షార్ట్ టర్మ్ ట్రిమ్ (అప్పటికప్పుడు చేసే సర్దుబాటు) ఒక్కసారిగా మైనస్ 15, మైనస్ 20కి పడిపోతే క్యానిస్టర్ ఆవిరితో నిండి ఉందని అర్థం. ఈసీయూ "పెట్రోల్ ఎక్కువైంది, ఇంజెక్టర్లో తగ్గించు" అంటున్నట్టు. అదే ఐడ్లింగ్‌లో ఎప్పుడూ ప్లస్ వైపు ఎక్కువగా ఉంటే ఎక్కడో లెక్కలేని గాలి దూరుతోంది, వాల్వ్ మూసుకోవడం లేదేమో చూడాలి. ఒక్కసారి చూసి తీర్పు చెప్పొద్దు, ఎండలో పెట్టిన తర్వాత ఒకసారి, పొద్దున ఒకసారి చూడాలి.

పెన్నా_తీరం
@కడప_ఏడురోడ్లు మీ పోస్టు చూసి ఊరుకోలేకపోతున్నాను. దయచేసి ఎవరికీ ఆ సలహా ఇవ్వొద్దు. మన కడపలో మే నెలలో 43 డిగ్రీలు దాటే రోజులు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. ట్యాంకు నుంచి వచ్చే దారిని బోల్టుతో మూస్తే ఆ ఆవిరి ఎక్కడికి పోవాలి? ట్యాంకు ఉబ్బుతుంది, సీలు లేని చోట నుంచి తన్నుకొస్తుంది. పోనీ మూయకుండా పైపు వదిలేస్తే పెట్రోల్ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, నేల మీద పాకుతుంది, మూసిన షెడ్డులో కింద పేరుకుంటుంది. అది అంటుకోవడానికి వేడి కూడా అక్కర్లేదు, సున్నా కంటే 40 డిగ్రీలు తక్కువలో కూడా అంటుకునేంత ఆవిరి ఉంటుంది. ఇంట్లో స్విచ్ వేస్తే వచ్చే నిప్పురవ్వ చాలు. హంద్రీ గారి అమ్మగారు ఆ వరండాలోనే కూర్చుంటారు కదా.

కడప_ఏడురోడ్లు
ఇంత ఆలోచించలేదు అన్నా. మెకానిక్ చేస్తే మంచిదే అనుకున్నాను. ఆ బండి మా బాబాయిది, ఈ ఆదివారం వెళ్లి చెబుతాను.

పెన్నా_తీరం
ఆదివారం దాకా ఆగొద్దు తమ్ముడూ. ఇప్పుడే ఫోన్ చేయి.

కడప_ఏడురోడ్లు
చేశాను. బండి బయట చెట్టు కింద పెట్టమన్నాను. డబ్బా ఇంకా ఆ మెకానిక్ దగ్గరే ఉందట.

బేతంచెర్ల_నాపరాయి
నా అనుభవం కూడా వినండి, క్యానిస్టర్ మార్చకుండానే సరైపోయింది. మా ఊరు తెలుసు కదా, రాయి కోసే ఫ్యాక్టరీల మధ్యే జీవితం. బంకులో గన్ పెట్టగానే రెండు లీటర్లకే కట్ అయ్యేది. మళ్లీ నొక్కితే మళ్లీ కట్. మూత తీస్తే బుస్సుమనేది. మూడు బంకులు మార్చాను, గన్ పాడైందని ఇద్దరితో గొడవ కూడా పడ్డాను. చివరికి చూస్తే క్యానిస్టర్‌కు గాలి వచ్చే పైపు చివర ఉన్న ఫిల్టర్ రాతిపొడితో సిమెంటు చేసినట్టు పట్టేసింది. ట్యాంకులోని గాలి బయటికి పోయే దారి లేదు, అందుకే పెట్రోల్ పడదు. పైపు విప్పి శుభ్రం చేశాక ఒకే దెబ్బకు ఫుల్ ట్యాంక్. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు తిరిగేవాళ్లు, దుమ్ము రోడ్ల మీద తిరిగే ఎవరైనా సరే ముందు అది చూసుకోండి.

సీమ_స్పానర్
నిజం. ఆ పైపులో మట్టి గూడు కట్టిన కందిరీగలను కూడా తీశాను నేను.

ఆదోని_పత్తి
ఒక ఆలోచన. పాత డబ్బా మూత కోసి, లోపలి బొగ్గు పారేసి, కొత్త బొగ్గు పోసి అతికిస్తే? వాటర్ ఫిల్టర్‌లో వేసే కొబ్బరి చిప్ప బొగ్గు కిలోల లెక్కన దొరుకుతుంది. అది కూడా యాక్టివేటెడ్ కార్బనే కదా.

రసాయనం_టీచర్
డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

గుత్తికోట గారు బొగ్గే కదా అన్నారు, ఆదోని గారు కూడా అదే అనుకున్నారు. యాక్టివేటెడ్ కార్బన్ ఒక్క గ్రాము తీసుకుంటే దాని లోపలి రంధ్రాల ఉపరితలం వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉంటుంది. పావు ఎకరం పొలం ఒక చిటికెడు బొగ్గులో మడిచిపెట్టినట్టు. పెట్రోల్ ఆవిరి ఆ రంధ్రాల గోడలకు అతుక్కుంటుంది. ఇంకిపోదు, అతుక్కుంటుంది, అందుకే మళ్లీ ఊడిరాగలదు.

ఇక్కడే అసలు సంగతి. నీళ్ల ఫిల్టర్‌లో బొగ్గు చేయాల్సింది పట్టుకోవడం ఒక్కటే. నిండితే తీసి పారేస్తాం. బండిలో బొగ్గు ఆగి ఉన్నప్పుడు పట్టుకున్నది నడిచేటప్పుడు వదలాలి, వేలసార్లు. కొబ్బరి చిప్ప బొగ్గులో రంధ్రాలు మరీ సన్నవి. అందులో దూరిన పెట్రోల్ అణువు మామూలు గాలి పీల్పుకు బయటికి రాదు. మొదటి వారం బాగానే ఉంటుంది, తర్వాత నిండిపోయి కూర్చుంటుంది. అందుకని బండి క్యానిస్టర్లలో ఎక్కువగా చెక్కతో, ఫాస్ఫారిక్ ఆమ్లం వాడి తయారుచేసిన బొగ్గు వేస్తారు. దాని రంధ్రాలు కొంచెం పెద్దవి, పట్టుకుంటుంది, అడిగితే ఇస్తుంది. దాని నాణ్యతను బ్యూటేన్ వాయువుతో కొలుస్తారు, ఎంత పట్టిందని కాదు, పట్టి ఎంత తిరిగి ఇచ్చిందని.

ఇంకా, మీరు డబ్బా కోసి అతికిస్తే లోపలి స్ప్రింగు, జల్లెడ మళ్లీ సరిగ్గా కూర్చోవు. గింజలు కదిలి ఒకదానికొకటి ఒరుసుకుని పొడి అవుతాయి. ఆ పొడి నేరుగా పర్జ్ వాల్వ్‌లోకి పోతుంది.

ఆదోని_పత్తి
సార్, మా కాలేజీలో ఇలా చెప్పి ఉంటే నేను కెమిస్ట్రీ వదిలేవాడిని కాదు. ఆలోచన విరమించుకున్నాను.

హంద్రీ_ఒడ్డు
ఈరోజు పొద్దున వాల్వ్ విప్పాను. సీమన్నా, మీరు చెప్పినట్టే ఊదితే గాలి తేలిగ్గా పోతోంది. కాగితం మీద పైపు దులిపితే నల్లటి గింజలు, చిన్న చిన్న కడ్డీల్లా, సగ్గుబియ్యం కన్నా చిన్నవి. ఒక స్పూను దాకా వచ్చాయి. ఇదేంటి?

సీమ_స్పానర్
అయితే రెండూ పోయాయి. క్యానిస్టర్ లోపలి జల్లెడ చిరిగి బొగ్గు బయటికి వచ్చింది, ఒక గింజ వాల్వ్ సీటులో ఇరుక్కుని దాన్ని మూసుకోనివ్వడం లేదు. షోరూం వాళ్లు చెప్పింది తప్పు కాదు, కాని సగమే చెప్పారు. క్యానిస్టర్ ఒక్కటే మార్చి ఉంటే పాత వాల్వ్ అలాగే ఉండేది, మీ స్టార్టింగ్ ట్రబుల్ పోయేది కాదు. వాల్వ్ ఒక్కటే మార్చినా నెలలో మళ్లీ బొగ్గు వచ్చేది. రెండూ మార్చాలి, మధ్యలో ఉన్న పైపు మొత్తం విప్పి గాలి కొట్టించాలి. ఆ పైపులో గింజలు మిగిలితే కొత్త వాల్వ్‌కూ అదే గతి.

ఒక ప్రశ్న. బంకులో గన్ కట్ అయ్యాక ఇంకా కొట్టిస్తారా?

హంద్రీ_ఒడ్డు
ఎప్పుడూ. మెడ దాకా కనబడేలా కొట్టిస్తాను. నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్తాను, దారిలో ఆగకూడదని.

నంద్యాల_బంకు
బంకు నడుపుతున్నాను కాబట్టి ఇది నేను చెప్పాలి. గన్ మూతి దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోల్ దాన్ని తాకగానే గాలి ఆగి గన్ టక్కుమని కట్ అవుతుంది. అప్పటికి ట్యాంకు పైన కొంచెం ఖాళీ మిగులుతుంది. అది మీ దగ్గర దాచిన పెట్రోల్ కాదు, వేడికి పెట్రోల్ పెరగడానికీ ఆవిరికీ వదిలిన చోటు. దాన్ని కూడా నింపితే ఆవిరి పోయే పైపులోకి పెట్రోలే దిగుతుంది. బొగ్గు ఆవిరి కోసం చేసింది, పెట్రోల్‌లో నానడానికి కాదు.

మా కుర్రాళ్లకు చెప్పి చెప్పి అలసిపోయాను. వాళ్లు 1,960 దగ్గర కట్ అయితే "రౌండ్ ఫిగర్ చేద్దామా సార్" అంటారు. కస్టమర్లు కూడా చిల్లర బాధ ఉండదని సరే అంటారు. ఇప్పుడు అందరూ ఫోన్లోనే కదా కట్టేది, 1,963 కట్టినా నష్టమేముంది?

కేసీకెనాల్
కడుపు నిండా ఉగ్గాని తిన్నాక ఇంకో రెండు బజ్జీలు తోసినట్టు. ఆ రెండిటి వల్లే రాత్రంతా అవస్థ.

బేతంచెర్ల_నాపరాయి
ఉగ్గానిలో బజ్జీ లేకుండా ఎలా అన్నా, ఆ పోలిక నేను ఒప్పుకోను.

గుత్తికోట
అది సరే. ఇంత చెప్పాక కూడా నా మూడేళ్ల అనుభవం ఉంది కదా. బయటి పార్ట్ అంటే చెత్త అని అందరూ ఎందుకు తీర్మానిస్తున్నారు?

సీమ_స్పానర్
ఎవరూ చెత్త అనలేదు గుత్తి గారూ. మీది ఏ రకమో చెప్పండి. డబ్బా మీద ఏమైనా నంబర్ అచ్చు పోసి ఉందా? ఒక ఫోటో తీసి చూడండి.

గుత్తికోట
ఇప్పుడే కింద దూరి చూశాను. ప్లాస్టిక్‌లోనే అచ్చు పోసి ఉంది. పాత డబ్బా గోడౌన్లో ఉంటే అది కూడా తీశాను. రెండిటి మీదా తయారీదారు గుర్తు ఒకటే. పాతదాని మీద కార్ల కంపెనీ ముద్ర అదనంగా ఉంది, కొత్తదాని మీద లేదు, అంతే తేడా.

సీమ_స్పానర్
చూశారా. మీకు దొరికింది కార్ల కంపెనీకి ఆ డబ్బా తయారుచేసి ఇచ్చేవాళ్లదే. వాళ్లు తమ పెట్టెలో బయట కూడా అమ్ముతారు. అది నిక్షేపంలాంటి పార్ట్. హంద్రీ గారికి 1,650కి చూపించింది అదేనా, లేక ఏ బండికైనా సరిపోతుందని అమ్మేదా? తేడా అంతా అక్కడే ఉంది.

హంద్రీ_ఒడ్డు
ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. సీమన్న ఈ ప్రశ్న అడిగే లోపే నేను ఆ 1,650ది తెచ్చి వేయించేశాను. వాల్వ్ మాత్రం కంపెనీది కొన్నాను, 1,900 పడింది. స్టార్టింగ్ ట్రబుల్ పూర్తిగా పోయింది. కాని నిన్న నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప వెళ్లి రెండు గంటలు ఎండలో పెట్టాను. తిరిగి వచ్చేసరికి మళ్లీ అదే వాసన. పాతది, కొత్తది పక్కన పెట్టి చూస్తే కొత్తది సగం సైజు కూడా లేదు. మా వీధి కిరాణా కొట్లో తూకం వేయించాను. పాతది 1,340 గ్రాములు, కొత్తది 520.

రసాయనం_టీచర్
తూకం ఒక్కటే చూస్తే పొరపాటు పడతారు, పాతదానిలో పెట్రోల్ పట్టి ఉంది కాబట్టి దాని బరువు ఎక్కువే చూపిస్తుంది. సైజు మాత్రం అబద్ధం చెప్పదు. మీ ట్యాంకు 35, 40 లీటర్లది అయి ఉంటుంది. దాని నుంచి ఒక ఎండపూట వచ్చే ఆవిరికి లెక్కవేసి ఆ డబ్బా సైజు పెట్టారు. సగం బొగ్గుతో సగం ఆవిరే ఆగుతుంది. మిగిలింది గాలి పైపు నుంచి బయటికి, అంటే మీ వరండాలోకి.

టవర్‌క్లాక్_టెక్
పైపులు ఎలా తగిలించారో కూడా చూడండి. ట్యాంకు పైపు, పర్జ్ పైపు డబ్బాకు ఒక వైపు ఉండాలి, బయటి గాలి వచ్చేది బొగ్గుకు అవతలి చివర ఉండాలి. యూనివర్సల్ డబ్బాల మీద గుర్తులు సరిగ్గా ఉండవు. ట్యాంకు పైపు గాలి వైపు తగిలిస్తే ఆవిరి బొగ్గును తాకకుండానే బయటికి పోతుంది.

హంద్రీ_ఒడ్డు
పైపులు సరిగ్గానే ఉన్నాయి, చూశాను. కాని ఒక పైపు పొట్టిగా ఉందని మెకానిక్ మధ్యలో తెల్లటి ట్రాన్స్‌పరెంట్ పైపు ముక్క వేశాడు.

సీమ_స్పానర్
అది వాటర్ లెవెల్ చూసే పైపు. వెంటనే తీయించండి. పెట్రోల్ ఆవిరికి, అందులోనూ ఇప్పుడు వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కు అది ఆరు నెలల్లో కట్టెలా గట్టిపడి పగులుతుంది. ఫ్యూయల్ హోస్ అని అడిగి తీసుకోండి, మీటరు లెక్కన దొరుకుతుంది. సైజుకు తగ్గ క్లిప్పులు వాడండి, బైండింగ్ వైరు చుట్టొద్దు.

కేసీకెనాల్
పాత బండ్ల షెడ్డులో యాక్సిడెంట్ బండి నుంచి తీసిన కంపెనీ డబ్బా దొరుకుతుంది కదా? బొగ్గు అరిగిపోయే వస్తువు కాదు. నా స్నేహితుడు అలాగే వేశాడు.

సీమ_స్పానర్
దొరికితే మంచిదే. కాని మూడు చూడాలి. ఊపితే గలగల శబ్దం రాకూడదు, పర్జ్ వైపు దులిపితే పొడి రాకూడదు, లోపల పెట్రోల్ తడి ఉండకూడదు. వరదలో మునిగిన బండిది అసలే వద్దు. నేనైతే నా కస్టమర్ బండికి తయారీదారు కొత్త డబ్బానే వేస్తాను, తర్వాత ఆయన ముఖం చూడాలి కదా.

కల్లూరు_మీటర్
పొల్యూషన్ టెస్ట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నా బండి కూడా బీఎస్-4, కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం లోపు ఉండాలి. ఫుల్ ట్యాంక్ కొట్టించి నేరుగా టెస్టుకు పోతే ఫెయిల్ అయింది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పోయిందని భయపెట్టారు, వేలల్లో ఖర్చు. నాలుగు రోజులు తిరిగాక మళ్లీ పోతే పాస్. అప్పుడు అర్థం కాలేదు, ఈ చర్చ చదివాక అర్థమైంది. నానిన క్యానిస్టర్ ఆవిరంతా ఇంజిన్‌లోకి వదిలి ఉంటుంది.

పెన్నా_తీరం
అయితే తిరగేసి కూడా ఆలోచించండి. ఆ టెస్ట్ సైలెన్సర్ దగ్గరే చూస్తుంది. ట్యాంకు దగ్గర ఎంత ఆవిరి బయటికి పోతోందో చూడదు. డబ్బా పీకేసిన బండి కూడా అందులో పాస్ అవుతుంది. సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు.

కడప_ఏడురోడ్లు
మా బాబాయి బండికి డబ్బా మళ్లీ పెట్టించాను. విప్పిన మెకానిక్ దగ్గర కాకుండా వేరే చోట. ఆ బోల్టు తీస్తే ట్యాంకు లోంచి బుస్సుమని గాలి చాలాసేపు వచ్చింది. చూస్తుంటే నాకే భయమేసింది. పెన్నా అన్నా, మీరు ఆ రోజు ఫోన్ చేయమని గట్టిగా చెప్పకపోతే నేను మరిచిపోయేవాడిని.

హిందూపురం_స్కూటీ
మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది బీఎస్-6 స్కూటర్. ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజు ఆగి ఆగి పోతుంది. స్కూటర్‌కు కూడా ఈ డబ్బా ఉంటుందా?

సీమ_స్పానర్
ఉంటుందమ్మా, చిన్నది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 పెట్రోల్ స్కూటర్లన్నిటికీ ఉంటుంది. మీరు కూడా మెడ దాకా కొట్టిస్తున్నారేమో చూసుకోండి. రెండు మూడు ట్యాంకులు కొంచెం తక్కువగా కొట్టించి చూడండి. తేడా రాకపోతే అప్పుడు విప్పుదాం.

హిందూపురం_స్కూటీ
అవును, మెడ దాకానే. సరే అన్నా.

గుత్తికోట
హంద్రీ అన్నా, నా డబ్బా మీద నంబర్ మెసేజ్ పెట్టాను. నీదీ నాదీ ఒకే ఇంజిన్. నేను బెంగళూరు జేసీ రోడ్‌లో తీసుకున్నాను, 3,300 పడింది అప్పుడు. వచ్చే గురువారం పని మీద వెళ్తున్నాను. తెమ్మంటే తెస్తాను.

హంద్రీ_ఒడ్డు
తేన్నా. పుణ్యముంటుంది. డబ్బులు ఇప్పుడే పంపుతాను.

హంద్రీ_ఒడ్డు
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. గుత్తికోట అన్న తెచ్చిన డబ్బా 3,900 పడింది. సైజు, బ్రాకెట్, మూడు మూతులు పాతదాని పక్కన పెడితే అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. తెల్ల పైపు తీసేసి ఫ్యూయల్ హోస్ వేయించాను. మధ్య పైపుకు గాలి కొట్టిస్తే ఇంకో నాలుగు గింజలు వచ్చాయి, సీమన్నా, మీరు చెప్పి ఉండకపోతే అవి కొత్త వాల్వ్‌లో ఉండేవి. మూత రబ్బరు కూడా మార్చాను.

మొన్న 42 డిగ్రీల ఎండలో మధ్యాహ్నం మూడు గంటలు పెట్టాను. మా అమ్మను పిలిచి వెనక నిలబెట్టాను. ఏమీ రావడం లేదంది, రెండోసారి మూత దగ్గరికి వంగి చూసి మళ్లీ అదే మాట చెప్పింది. నిన్న నంద్యాల చెక్‌పోస్ట్ దాటాక బంకులో కట్ అయిన చోటే ఆపించాను, 2,218. ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్.

ఆ 1,650 డబ్బాను షాపులో వెనక్కి తీసుకోలేదు. వాడిన పార్ట్ అన్నారు. ఉండనీ.

సీమ_స్పానర్
సంతోషం. ఆ చిన్న డబ్బా ఎవరికీ అమ్మొద్దు, ఇంకొకరి వరండాలో అదే వాసన.

హంద్రీ_ఒడ్డు
ఎవరికీ అమ్మనులే అన్నా. రసాయనం సార్ అడిగితే క్లాసులో కోసి చూపించడానికి పంపిస్తాను. ఫ్యూయల్ హోస్ మీటరున్నర మిగిలింది, క్లిప్పులు రెండు ఉన్నాయి. కర్నూలు వాళ్లకు ఎవరికైనా కావాలంటే మెసేజ్ చేయండి, ఊరికే ఇస్తాను.

రసాయనం_టీచర్
తప్పకుండా పంపండి. కోసే ముందు వారం రోజులు ఆరుబయట గాలికి పెట్టండి. పిల్లల ముందు వాసన లేకుండా ఉండాలి.

కడప_ఏడురోడ్లు
క్లిప్పులు నాకు కావాలి అన్నా. బాబాయి బండికి ఒకచోట ఇంకా బైండింగ్ వైరే ఉంది.